పదవ మనిషి

2020 ఆషాఢంలో అల్వాల్ వీధులలో బోనాల సందడి వినబడలేదు. కరోనా వ్యాపిస్తున్నందున ఎవరి యింట వారే బోనం సమర్పించుకోవాలని ప్రభుత్వం కోరింది. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి జాతర 1813 నాటి కలరా భయం నుండి పుట్టిందని ప్రతీతి. వ్యాధి వల్ల వెలసిన ఉత్సవం వ్యాధికి వెరచి గడప దాటకపోవడం విచిత్రమే. అయినప్పటికీ ఇంటి బోనం అమ్మవారికి చెందదని ఎవరూ అనలేదు.

యూదుల చిక్కు ఇంతకంటె జటిలమైనది. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాతృభాషగా గల 'బెనే ఎఫ్రాయిం' సమాజం ఉన్నది కనుక ఈ మతం తెలుగునేలకు కేవలం పరాయిది కాదు. యూదుడు ఒంటరిగానూ ప్రార్థించవచ్చు. కాని కొన్ని ప్రార్థనలకు పదిమంది వయోజనులు కూడితీరాలి. ఆ కూటమి పేరు 'మిన్యాన్'. సంప్రదాయవాదులు అందులో పురుషులనే లెక్కిస్తారు. తల్లినో తండ్రినో కోల్పోయిన కుమారుడు పదకొండు నెలలపాటు నిత్యం పఠించే 'కద్దిష్' అటువంటి ప్రార్థనే. మరణమన్న మాటైనా లేని ఆ దైవస్తుతిని ఏకాంతంలో పలుకరాదు. 2020 మార్చిలో ఇజ్రాయెల్‌లో ప్రార్థనామందిరాలు మూతపడినప్పుడు ఆ కుమారుని గతి ఏమిటి?

సమాధానానికి ఆధారం పాతగ్రంథంలోనే దొరికింది. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన 'షుల్హాన్ అరూఖ్' అనే ధర్మశాస్త్రం, మందిరం వెలుపలివాడు కిటికీలోనుండి ముఖం చూపితే అతనినీ పదిమందిలో లెక్కించవచ్చునంటుంది. జనం తమతమ బాల్కనీలలో నిలిచి, ఒకరికొకరు కనబడుతూ ప్రార్థించారు. ధర్మవేత్తలందరూ దీనిని అంగీకరించలేదు. కంప్యూటరు తెరపై కలుసుకోవడాన్ని ఒక వర్గం ఆపద్ధర్మంగా ఒప్పుకొనగా, సంప్రదాయవాదులలో అధికులు కాదన్నారు.

నిషేధాన్ని ధిక్కరించి చాటుగా గుమికూడినవారూ లేకపోలేదు. వారి భక్తి నిజమే కావచ్చు. కాని ప్రాణరక్షణకై దాదాపు అన్ని విధులనూ సడలించవచ్చునన్న తమ ధర్మాన్నే వారు విస్మరించారు. మూసిన గదిలో ఆ పదిమందీ ఒకరికొకరు ప్రమాదకారులు. బాల్కనీలలో నిలిచినవారి ఉపాయాన్ని కుయుక్తి అనడం మాత్రం న్యాయం కాదు. కుయుక్తి మనిషిని బాధ్యత నుండి తప్పిస్తుంది. ఇక్కడ బాధ్యత తగ్గలేదు సరికదా, పెరిగింది. తొమ్మిదిమంది నిలిచి ఉన్నప్పుడు పదవవాడు తలుపు తెరవకపోతే కద్దిష్ ఆగిపోతుంది. అతడు బయటికి వచ్చి ముఖం చూపాడు. దుఃఖితుడు గొంతెత్తాడు. ఎదురింటి మేడ మీదనుండి 'ఆమేన్' వినిపించింది.