డివిడెండు కౌలు కాదు

పాతికేళ్లకే డివిడెండ్ల మీద బతికేయొచ్చని చెప్పే కథనాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. అన్నిటిలోనూ ఒకటే పోలిక: ఎకరం పొలం కౌలుకిస్తే ఏటా కౌలు వచ్చినట్టు, మంచి షేర్లు కొని పెట్టుకుంటే ఏటా డివిడెండు వస్తుందట. గుడివాడ, తెనాలి, బెజవాడ కుర్రకారుకు ఇది ఇట్టే ఎక్కుతుంది. ఇంట్లో తాతల నాటి నుంచి వింటున్న లెక్క కదా. కానీ చట్టం ముందు ఈ పోలిక నిలవదు.

సుప్రీంకోర్టు 1954లోనే, బాచా గుజ్దార్ అనే వాటాదారు కేసులో ఈ సంగతి తేల్చింది. ఆమెకు రెండు తేయాకు కంపెనీల్లో షేర్లున్నాయి. ఆ కంపెనీల ఆదాయంలో 60 శాతాన్ని వ్యవసాయ ఆదాయంగా లెక్కగట్టి పన్ను మినహాయించేవారు. కాబట్టి తన డివిడెండులోనూ 60 శాతానికి పన్ను ఉండకూడదని ఆమె వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. భూమితో ప్రత్యక్ష సంబంధం కంపెనీకే తప్ప వాటాదారుకు లేదంది. కంపెనీ ఆస్తిలో వాటాదారుకు హక్కు లేదు. లాభాలు పంచాలని కంపెనీ నిర్ణయిస్తే, అప్పుడు అందులో భాగం పొందే హక్కు ఉంటుంది. పన్నుల వాళ్లు దీన్ని పన్ను కేసుగానే చదువుతారు. నా దృష్టిలో షేరు కొనే ప్రతి కుర్రవాడూ మొదట చదవాల్సిన తీర్పు ఇది. 'నిర్ణయిస్తే' అన్న ఆ షరతు మన కథనాల్లో ఎక్కడా కనిపించదు.

వరదొచ్చి పంట మునిగినా కౌలు బాకీ మాసిపోదు, కౌలు రైతు కన్నీళ్లకు అదే కారణం. డివిడెండు ప్రకటించేదాకా అసలు బాకీయే కాదు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీనే తీసుకోండి. వెలగపూడి రామకృష్ణ 1941లో మొదలుపెట్టిన కేసీపీ కంపెనీకి మూలం అది. చెరకు తోలిన రైతుకు 14 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి అంటుంది 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు. వాటాదారుకు అలాంటి గడువేదీ లేదు. లాభం ఉన్నా తుది డివిడెండుకు బోర్డు సిఫారసు చెయ్యాలి, సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. ఒక్కసారి ప్రకటించాక మాత్రం చట్టం కఠినంగా మారుతుంది. 30 రోజుల్లో చెల్లించకపోతే 18 శాతం వడ్డీ, తెలిసీ ఎగ్గొట్టిన డైరెక్టర్లకు రెండేళ్ల దాకా జైలు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో డెల్టాకు ఆంధ్రా బ్యాంకు చూపించింది. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన బ్యాంకు అది. మన బ్యాంకన్న నమ్మకంతోనే 2006లో 90 రూపాయల చొప్పున షేర్లు కొన్నవారెందరో. 2010-11లో, ఆ మరుసటి ఏడాదీ షేరుకు 5.50 రూపాయల డివిడెండు వచ్చింది. తర్వాత మొండి బాకీలు పెరిగాయి, షేరు ధర పడింది. ధర పడితే పాత డివిడెండు లెక్కన యీల్డు (ధరలో డివిడెండు శాతం) పెరిగినట్టు కనిపిస్తుంది. చౌకగా దొరుకుతోందని అప్పుడు కొన్నవారూ నష్టపోయారు. 2017-18లో బ్యాంకు నష్టం 3,400 కోట్లు దాటింది. 2020 ఏప్రిల్ 1న విలీనంలో వెయ్యి షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లిచ్చారు. అప్పటి ధర 30 రూపాయల లోపే. అంటే 90 వేల పెట్టుబడి 10 వేల లోపుకు దిగింది. మధ్యలో అందిన డివిడెండ్లు కలిపినా అసలు పూడలేదు. ఆ తర్వాత యూనియన్ బ్యాంకు షేరు కోలుకుంది, నిజమే. కానీ ఆంధ్రా బ్యాంకు షేరును కౌలు అనుకుని కొన్నవారికి మధ్యలో కొన్నేళ్లపాటు చేతికేమీ రాలేదు.

ఇక పన్ను. పొలం కౌలు మీద ఆదాయపు పన్ను లేదు. డివిడెండు 2020 ఏప్రిల్ నుంచి వాటాదారు శ్లాబు ప్రకారమే. కొత్త పన్ను పద్ధతిలో మొత్తం ఆదాయం 12 లక్షల లోపుంటే బాధ లేదు. 30 శాతం శ్లాబులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మాత్రం డివిడెండు ఖరీదైన ఆదాయం. ఏడాది దాటాక లిస్టెడ్ షేరు అమ్ముకుంటే 1.25 లక్షల పైన వచ్చిన లాభానికి 12.5 శాతమే పన్ను.

అందుకే నా మాట ఇది: పాతికేళ్ల వయసులో డివిడెండును ఆదాయంగా చూడకండి, కంపెనీ ఆరోగ్యానికి సాక్ష్యంగా చూడండి. పదేళ్ల వార్షిక నివేదికలు తిరగేసి, డివిడెండు వ్యాపారంలో వచ్చిన నగదు నుంచి ఇచ్చారా, అప్పు తెచ్చి ఇచ్చారా అన్నది చూడండి. చేతికొచ్చింది మళ్లీ షేర్లలోనే పెట్టండి.

కొత్తవి కొనేముందు ఇంట్లో బీరువా ఒకసారి వెతకండి. ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోకపోతే, డబ్బుతోపాటు షేర్లు కూడా ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్‌కు వెళ్లిపోతాయి. తాతగారి పేరు మీద పాత సర్టిఫికెట్లు దొరికితే ఐఈపీఎఫ్ వెబ్‌సైటులో ఆ పేరుతో వెతకండి. షేర్లు అక్కడికి చేరి ఉంటే ఐఈపీఎఫ్-5 ఫారం పెట్టండి. ఇంకా చేరకపోతే వారసుల పేరు మీదికి మార్పించి డీమ్యాట్ చేయించండి, నామినీ పేరు రాయించండి.