పెరటి చెట్టు పంటి వేరుకు పనికొస్తుందా?

రూట్ కెనాల్ చికిత్సలో మూలికల రసాలపై పరిశోధనలు - ప్రచారంలో ఉన్నదెంత, రుజువైనదెంత?

పల్లెల్లో నేటికీ వేప పుల్లతో పళ్లు తోముకునేవారికి కొదవ లేదు. కానుగ, ఉత్తరేణి పుల్లలకూ ఆదరణ ఉంది. పన్ను సలిపితే లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకోవడం ఇంటింటా తెలిసిన ఉపశమనమే. ఈ అలవాట్లతో పెరిగినవారు రూట్ కెనాల్ చికిత్సకు వెళ్లినప్పుడు, పంటిలోకి ఘాటైన క్లోరిన్ వాసన గల ద్రావణాన్ని ఎక్కించడం చూసి విస్తుపోతుంటారు. దానికి బదులు వేప కషాయమో, త్రిఫల నీరో వాడరాదా అన్న సందేహం వారికి కలగడం సహజం.

ఆ సందేహం అమాయకమైనదేమీ కాదు. దంతవైద్య పరిశోధకులు సైతం కొన్నేళ్లుగా ఇదే ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు. అయితే ప్రయోగశాలలు ఇస్తున్న జవాబు వేరు, ‘హెర్బల్’ ప్రచారం చెబుతున్న జవాబు వేరు. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది రోగి పన్నే.

కడగడమే అసలు చికిత్స

పుచ్చు లోతుకు దిగి, నరాలు, రక్తనాళాలు ఉండే పంటి గుజ్జును చేరినప్పుడు క్రిములు అక్కడ తిష్ఠ వేస్తాయి. గుజ్జు కుళ్లి, క్రమేణా వేరు కొన వద్ద చీము చేరుతుంది. కుళ్లిన గుజ్జును తొలగించి, వేరులోని కాలువను శుభ్రపరచి, తిరిగి క్రిములు చొరబడకుండా మూసివేయడమే రూట్ కెనాల్ చికిత్స. వ్యాధికి మూలం క్రిములేనన్న విషయం 1965లోనే రుజువైంది. క్రిములు లేని వాతావరణంలో పెంచిన ఎలుకలలో పంటి గుజ్జు బయటపడినా గాయం మానగా, సాధారణ ఎలుకలలో అది కుళ్లిపోయిందని అమెరికా పరిశోధకులు నిరూపించారు.

సన్నని ఆకురాయి వంటి ఫైళ్లతో వైద్యుడు కాలువను ఎంత గీకినా అన్ని మూలలకూ అవి చేరవు. పైదవడ దంతాలను సూక్ష్మ స్కానింగ్‌తో పరిశీలించిన 2001 నాటి ఒక అధ్యయనంలో, కాలువ గోడల్లో 35 శాతం, అంతకు మించిన భాగాన్ని పరికరాలు తాకనే లేదని తేలింది. ఆ మిగిలిన భాగాన్ని శుభ్రపరచవలసింది ద్రావణమే. కనుక ఏ ద్రావణంతో కడుగుతున్నారన్నది చిన్న విషయం కాదు.

క్లోరిన్ మందు ఎందుకు?

నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నది సోడియం హైపోక్లోరైట్. బట్టల మరకలు పోగొట్టే బ్లీచింగ్ ద్రవంలో ఉండే రసాయనమూ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో డేకిన్, కారెల్ అనే శాస్త్రవేత్తలు దీనిని 0.5 శాతం గాఢతలో సైనికుల గాయాలు కడగడానికి వాడుకలోకి తెచ్చారు. 1930 దశకం నుంచి దంతవైద్యంలోనూ స్థానం పొందింది. దంతవైద్యులు సాధారణంగా 0.5 నుంచి 5.25 శాతం గాఢత వరకు ఉపయోగిస్తారు.

దీని ప్రత్యేకత రెండింతలు. క్రిములను చంపడం ఒకటి, చచ్చి కుళ్లిన గుజ్జును కరిగించడం రెండవది. గీకుడు వల్ల గోడలకు అంటుకునే పొడి పొరను మాత్రం ఇది పూర్తిగా తొలగించలేదు. అందుకు 1957 నుంచి వాడుకలో ఉన్న ఈడీటీఏ అనే మరో ద్రావణాన్ని, సాధారణంగా 17 శాతం గాఢతలో, జత చేస్తారు.

అయితే హైపోక్లోరైట్ నిరపాయకరమైనది కాదు. సూదిని కాలువలో బిగించి ఒత్తిడితో ఎక్కిస్తే వేరు కొన దాటి దవడ కణజాలంలోకి పోతుంది. తక్షణం భరించలేని నొప్పి, ముఖం వాపు, చర్మం కింద రక్తపు కమురు కనిపిస్తాయి. ఇటువంటి ఘటనలు అరుదే అయినా వైద్య సాహిత్యంలో అనేకం నమోదయ్యాయి. దుర్వాసన, చేదు రుచి దీనికి అదనం. ఈ నేపథ్యంలోనే కణజాలానికి హాని చేయని ప్రత్యామ్నాయం కోసం పరిశోధకుల దృష్టి మొక్కల వైపు మళ్లింది.

మొక్కలు ఏం చూపాయి?

వేపాకు సారం, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలు కలిసిన త్రిఫల, గ్రీన్ టీలోని పాలీఫినాల్స్, పసుపులోని కర్కుమిన్, మిస్వాక్ పుల్ల, నోని పండు రసం మొదలైనవి పరీక్షకు నిలిచాయి. చికిత్స విఫలమైన దంతాలలో తరచు కనిపించే ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే మొండి క్రిమిపైనే ఎక్కువ ప్రయోగాలు జరిగాయి.

నోని రసాన్ని ఈడీటీఏతో కలిపి వాడితే పొడి పొరను తొలగించడంలో హైపోక్లోరైట్‌కు దీటుగా నిలుస్తుందని 2008లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. 2010లో మన దేశ పరిశోధకులు త్రిఫల, గ్రీన్ టీ పాలీఫినాల్స్‌ను పరీక్షించగా రెండూ ఈ క్రిమిపై చెప్పుకోదగ్గ ప్రభావం చూపాయి. అయితే పంటిపై వారాల తరబడి పేరుకున్న క్రిముల పొర విషయంలో అగ్రస్థానం హైపోక్లోరైట్‌దే కావడం గమనార్హం.

చిక్కు ఎక్కడుంది?

మొదటిది, ఈ ప్రయోగాల్లో అత్యధికం గాజు పాత్రల్లోనో, పీకివేసిన పళ్లపైనో జరిగినవే. రోగి నోటిలో, అనేక రకాల క్రిములు కలిసి కాపురముండే వంకర కాలువలో అదే ఫలితం వస్తుందన్న హామీ లేదు.

రెండవది, మూలికల సారాలు క్రిములను చంపగలవేమో గాని, కుళ్లిన గుజ్జును హైపోక్లోరైట్ వలె కరిగించలేవు. గుజ్జు తునకలు మిగిలితే క్రిములకు అవే ఆహారం.

మూడవది, ప్రమాణం. ఒక ఊరి వేపాకులోని సారం మరో ఊరి వేపాకులో అంతే ఉండదు. ఆకు వయసు, కోసిన రుతువు, నీటిలో కాచారా, ఆల్కహాల్‌లో నానబెట్టారా అన్నదానిని బట్టి బలం మారుతుంది. టానిన్లు అధికంగా గల సారాలు పంటికి రంగు పట్టించే అవకాశాన్నీ తోసిపుచ్చలేం.

అలాగని హైపోక్లోరైట్ పక్షాన తీర్పు అంతిమంగా వెలువడిందనీ చెప్పలేం. వివిధ ద్రావణాలను రోగులపై పోల్చిన అధ్యయనాలను సమీక్షించిన కోక్రేన్ సంస్థ, ఏ ఒక్కటీ మిగతావాటికన్నా మేలని తేల్చేందుకు తగిన ఆధారాలు లేవని 2012లో పేర్కొంది. లోపం మూలికలలో లేదు, రోగులపై తగినన్ని పరీక్షలు జరగకపోవడంలో ఉంది.

మొక్కలు ముందే ఉన్నాయి

దంతవైద్యం మొక్కలను చిన్నచూపు చూస్తోందనడం కూడా సరికాదు. శుభ్రపరచిన కాలువను నింపే గట్టా పెర్చా, మలేసియా, ఇండోనేసియా ప్రాంతాల్లో పెరిగే చెట్ల పాల నుంచి వచ్చిన పదార్థమే. 19వ శతాబ్ది నుంచి అది వాడుకలో ఉంది. లవంగ నూనెలోని యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి చేసే సిమెంటు దశాబ్దాలుగా దంతవైద్యుని బల్లపై ఉంటోంది. పాత పూరకాన్ని తీసివేయవలసి వచ్చినప్పుడు మెత్తబరచేందుకు నీలగిరి తైలం, నారింజ తైలం వాడిన సందర్భాలూ ఉన్నాయి. ఇవేవీ ‘ప్రకృతి సిద్ధం’ అన్న ముద్రతో లోపలికి రాలేదు. పరీక్షకు నిలిచి, ఒకే కొలతతో తయారై వచ్చాయి.

రోగులు గమనించవలసినవి

చీము పట్టిన పన్నును కషాయాలతో పుక్కిలించి నయం చేయలేం. పుక్కిలించిన ద్రవం వేరు కాలువను చేరదు. లవంగ నూనె నొప్పిని కొంతసేపు అణచుతుందే తప్ప క్రిములను తొలగించదు. నొప్పి తగ్గిందని నెలల తరబడి జాప్యం చేస్తే గుజ్జు పూర్తిగా చచ్చిపోతుంది. ఆపై నొప్పి లేకపోయినా చీము దవడలోకి వ్యాపిస్తుంది. ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడం, మింగడం కష్టమైతే తక్షణం ఆసుపత్రికి చేరాలి.

చికిత్సకు ముందు వైద్యుని మూడు విషయాలు అడగడం రోగి హక్కు. ఏ ద్రావణంతో కడుగుతారు? మందు నోటిలోకి జారకుండా పంటి చుట్టూ రబ్బరు తెర బిగిస్తారా? హెర్బల్ ద్రావణమైతే హైపోక్లోరైట్‌కు తోడుగానా, పూర్తిగా దాని స్థానంలోనా? తోడుగా అయితే చర్చించవచ్చు. పూర్తిగా బదులుగా వాడతామని, అందుకు అదనపు రుసుము అడిగితే ఆలోచించుకోవాలి. హైపోక్లోరైట్ ప్రమాదాలను తగ్గించే మార్గం కూడా చాలావరకు వైద్యుని చేతిలోనే ఉంది. పక్కన రంధ్రం గల సూది వాడడం, దానిని కాలువలో బిగించకుండా నెమ్మదిగా ఎక్కించడం అందులో ముఖ్యమైనవి.

ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు, ఆయుష్ విభాగం కలిసి నడుం బిగిస్తే మన వేప, త్రిఫలలను నిజమైన రోగులపై, పద్ధతి ప్రకారం, ఏడాది, రెండేళ్ల పర్యవేక్షణతో పరీక్షించవచ్చు. ముడిసరుకు మన గట్ల మీదనే ఉంది, రోగులూ మన ఊళ్లలోనే ఉన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న నానుడిని తిరగరాసే అవకాశం అప్పుడే లభిస్తుంది. అంతవరకు పెరటి చెట్టును పంటి పైభాగానికే పరిమితం చేసి, పంటి వేరును వైద్యునికి వదలడం శ్రేయస్కరం.