బోర్డు పాడైతే ఎవరికి చెప్పుకోవాలి?

వంటింట్లో స్విచ్‌బోర్డు షాక్ కొడుతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవడం చిన్న పనిలా కనిపిస్తుంది. పాతబస్తీలో చాలా ఇళ్లలో ఆ చిన్న పని స్త్రీ చేతిలో లేదు. ఇల్లు అద్దెది. మీటరు యజమాని పేరు మీద ఉంటుంది, వైరు మార్చాలంటే అతను ఒప్పుకోవాలి. మిస్త్రీ పగలు వస్తానంటాడు, పగలు మగవాళ్లుండరు. భర్తకో కొడుక్కో తీరిక దొరికేదాకా ఆమె చెక్కపీట మీద నిలబడి, చేతికి పొడిగుడ్డ చుట్టుకుని స్విచ్ వేస్తుంది. ఇదంతా పరదా వల్లేనని ముస్లిం సమాజం మీదికి నెట్టడం తేలిక. దిల్‌సుఖ్‌నగర్ అపార్టుమెంట్లలోనూ "ఆయన వచ్చాక పిలుద్దాం" అనే మాట వింటూనే ఉంటాం. కాకపోతే అక్కడి బోర్డుకి సాధారణంగా ఎర్తింగ్ ఉంటుంది.

తలాబ్‌కట్టలో, యాకుత్‌పురాలో ఇల్లంటే ఇల్లు మాత్రమే కాదు, అదే కార్ఖానా కూడా. జర్దోజీ మగ్గం మీద వేలాడే బల్బు, మోటారు బిగించిన కుట్టుమిషను, కూలరు, నీళ్లొచ్చే వేళకి పెట్టే మోటారు, అన్నీ ఒకే ప్లగ్గు మీద నడుస్తాయి. ఎప్పుడో రెండు బల్బులకీ ఒక ఫ్యానుకీ వేసిన వైరు అది. బరువెక్కువై ఫ్యూజు పోతుంది. మాటిమాటికీ పోతోందని ఎవరో లావు తీగ చుట్టిపోతారు. అప్పట్నుంచి ఫ్యూజు పోదు, గోడలోని వైరు వేడెక్కుతుంది. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న భవనంలో మంటలు రేగి 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ అయివుండొచ్చని అధికారులు మొదట్లో చెప్పారు. అది పేద కుటుంబం కూడా కాదు.

విద్యుత్ సంస్థ బాధ్యత మీటరు దగ్గర ఆగిపోతుంది. లోపలి వైరింగ్ వినియోగదారుడిది. కాగితం మీద వినియోగదారుడు ఇంటి యజమాని, షాక్ తగిలేది మాత్రం అద్దెకున్న స్త్రీకి. జరీపని ఇచ్చే సేఠ్‌కి ఈ గొడవతో సంబంధమే లేదు. ముక్కకింత అని లెక్కగట్టే కూలిలో కరెంటు బిల్లూ, కరెంటు ప్రమాదమూ రెండూ ఆమె ఖాతాలోకే పోతాయి.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1956 విద్యుత్ నియమావళిలోని 45వ నియమమూ, తర్వాత వచ్చిన 2010 నిబంధనలూ వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, అర్హతపత్రం ఉన్నవారి పర్యవేక్షణలో జరగాలన్నాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ ఉన్నదున్నట్టు మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చాయి. అంటే ఫ్యూజు కట్టకుండా ఆడవాళ్లని ఆపింది చట్టం కాదు. గల్లీ చివర దొరికే కుర్రాడి దగ్గర లైసెన్సు ఉండకపోవచ్చు. హెల్పరుగా చేరి చూసి నేర్చుకున్నవాడు, అతనికీ బీమా లేదు, చేతికి గ్లవ్స్ లేవు. అతన్ని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అతన్ని అడగాల్సిన ప్రశ్నలున్నాయి, అడిగే నోరు మనకి ఉండాలి. బోర్డు విప్పి ఆకుపచ్చ వైరు చూపించమనాలి. చాలా బోర్డులకి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరుండదు. ఫ్రిజ్‌కీ మోటారుకీ లైట్ల వైరుకన్నా లావైన వైరు వేశాడా అని అడగాలి. ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పారితే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టమనాలి.

పాతబస్తీ స్త్రీలకి ఉపాధి అనగానే మన సంస్థలకి తోచేది టైలరింగ్, మెహందీ, ఎంబ్రాయిడరీ. మిషను ఇచ్చేటప్పుడు దాన్ని తగిలించే ప్లగ్గు సంగతి రాసిన ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటీ నా కంట పడలేదు. వైరింగ్ మగపని అని మనమూ నమ్ముతున్నట్టే ఉంది. పాతబస్తీకి కరెంటు ఇచ్చే సంస్థ 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకి ప్రకటన ఇచ్చినప్పుడు స్త్రీలకి అవకాశం ఇవ్వలేదు. సిద్దిపేట జిల్లాకి చెందిన బబ్బూరి శిరీష హైకోర్టుకి వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, 2022లో ఉద్యోగంలో చేరింది. స్తంభం ఎక్కగలిగిన చెయ్యి ఇంట్లో బోర్డు విప్పలేదా?

మధ్యాహ్నం రెండింటికి, మగవాళ్లు లేని ఇంట్లోకి వెళ్లి పని చెయ్యగలిగేది ఆడ ఎలక్ట్రీషియనే. బస్తీ అమ్మాయిలకి ఐటీఐలో ఈ ట్రేడు ఇప్పించి పర్మిట్ వచ్చేదాకా వెంట ఉంటే పనికి కరువుండదు. ఇది పరదాతో రాజీపడటమేనని కొందరు మిత్రులంటారు. కొంతవరకు నిజమే. ఆ చర్చ తేలేదాకా తడిచేతులతో ఆ స్విచ్ వేసేది మాత్రం మనం కాదు.

అద్దె ఒప్పందంలో వైరింగ్ బాగుచేయించే బాధ్యత యజమానిదేనని రాయించడం బస్తీ కమిటీలు చెయ్యగల పని. ఇక కుట్టుమిషన్ల కోసం ఈసారి నిధులు అడిగినప్పుడు ఎలక్ట్రీషియన్ కూలి, ఎర్తింగ్ ఖర్చు విడి పద్దుగా రాసి పంపాలి. ఫండింగ్ ఏజెన్సీ కొట్టేస్తే, ఎందుకు కొట్టేసిందో రాతపూర్వకంగా అడగాలి.