ఆడటం వాళ్లకి రాదా, ఆడించడం మాకు రాదా?

ఇండీ పజిల్ గేమ్ రివ్యూ అంటే ఆర్ట్ గురించి, మ్యూజిక్ గురించి పేరాలకి పేరాలు రాస్తాం. కంట్రోల్స్ దగ్గరికొచ్చేసరికి 'స్మూత్‌గా ఉన్నాయి' అని ఒక్క లైన్. నేనూ అలాగే రాసేవాణ్ణి, మా సొంత గేమ్‌ని ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చేదాకా.

ఆఫీస్ అయ్యాక నేనూ, ఇద్దరు బీటెక్ ఫ్రెండ్సూ కలిసి చేసిన చిన్న స్లైడింగ్ పజిల్ అది. ముక్కల్ని వేలితో జరిపి దారి చేయాలి, అంతే. నా 120 హెర్ట్జ్ ఫోన్‌లో ఎక్కడా తడబడలేదు. దసరాకి జనగామ వెళ్లినప్పుడు టెస్ట్ బిల్డ్‌ని మహబూబాబాద్‌లో ఉండే చిన్నమ్మకీ, భూపాలపల్లిలో సింగరేణిలో పనిచేసే మామకీ పంపాను.

మామ ఫోన్ చేసి, "అల్లుడా, ముక్కను జరుపుదామంటే ఆటే బయటికి పోతాందిరా" అన్నాడు. వేలు సరిగ్గా పెట్టట్లేదేమో మామా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. స్క్రీన్ రికార్డింగ్ పంపించుకుని చూస్తే విషయం తెలిసింది. ఆయన ఫోన్‌లో జెస్చర్ నావిగేషన్ ఆన్‌లో ఉంది. ఆండ్రాయిడ్ 10లో వచ్చిన ఈ పద్ధతిలో స్క్రీన్ అంచు నుంచి లోపలికి స్వైప్ చేస్తే అది బ్యాక్. మా బోర్డు సరిగ్గా అంచు దాకా ఉంది. నేనేమో ఇంకా పాత మూడు బటన్లే వాడుతున్నా, కాబట్టి నాకు ఒక్కసారీ ఇది తగల్లేదు. అంచుని మాకు వదిలేయమని సిస్టమ్‌ని అడగొచ్చు గానీ, మా గేమ్‌లా ఫుల్ స్క్రీన్ కాని యాప్‌కి ఒక్కో అంచున 200 డీపీ ఎత్తు వరకే ఇస్తుంది. అది సరిపోదు. బోర్డునే లోపలికి జరిపాం.

ముక్కలు చిన్నగా చెయ్యమని మామ సలహా కూడా ఇచ్చాడు. అది మాత్రం వినలేదు. టచ్ చేసేది ఏదైనా కనీసం 48 డీపీ ఉండాలని గూగుల్ ఊరికే చెప్పదు. నొప్పి ఎక్కడో ఆడేవాళ్లకే తెలుసు, మందు మాత్రం మనమే వెతుక్కోవాలి.

చిన్నమ్మ తొమ్మిదో లెవెల్‌లో ఆపేసింది. అన్‌డూ ఉందిగా అంటే, "ఆ వంపు బాణమా? ఒత్తితే మళ్ల మొదటికి పోతదేమోనని ముట్టలేదు బిడ్డా" అంది. బాబా ఈజ్ యు ఆడినవాళ్లకి తెలుసు, అన్‌డూ లేకపోతే తప్పు చేసి చూసే ధైర్యమే రాదు. బాణం తీసేసి 'వెనక్కి' అని రాశాం. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయే ఎత్తులో బటన్ ఉండటంతో కింది వత్తు తెగి 'వెనకి' అని కనిపించింది! దానికో రాత్రి పోయింది.

వాళ్లు మన టార్గెట్ ఆడియన్స్ కాదు కదా అన్నాడు మా వాళ్లలో ఒకడు. నేను ఒప్పుకోను. అదే బ్యాక్ జెస్చర్ గేమర్‌కీ తగులుతుంది. అతను ఫోన్ చేయడు, ఒక్క స్టార్ ఇచ్చి అన్‌ఇన్‌స్టాల్ చేస్తాడు. మీరు రివ్యూ రాసేటప్పుడు 'కంట్రోల్స్ చెత్త' అనే రాయండి, తప్పులేదు. కానీ ఏ ఫోన్, ఏ నావిగేషన్, ఏ చేత్తో ఆడారు అన్న మూడు ముక్కలు కూడా పక్కన పెట్టండి.

మామ ఇప్పుడు కొత్తది మొదలుపెట్టాడు. హనుమకొండ నుంచి వస్తుంటే, పరకాల దాటాక బస్సు కుదుపులకి ముక్క రెండు గళ్లు ఎగిరి పడుతోందట. దానికింకా ఫిక్స్ దొరకలేదు.