ఫ్యూజు పీకితే బ్రేకు బాగుపడదు

మా ఆదోని షెడ్లలో ఏబీఎస్ రోగానికి ఒకటే మందు: ఫ్యూజు పీకేయడం. 'బ్రేకు తొక్కితే కాలికింద గరగరమంటోంది మేస్త్రీ, ఆగాల్సిన చోట బండి ఆగడం లేదు' అంటూ కారాయన వస్తాడు. బానెట్ ఎత్తి, ఫ్యూజుల పెట్టె మూత తీసి, గోరంత ప్లాస్టిక్ ముక్కను లాగి ఆయన చేతిలో పెడతారు. గరగర ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అది కంట్లో పొడుస్తోందంటే దాని మీద ఒక నల్లటేపు ముక్క అతికిస్తారు. ఆయన సంతోషంగా ఎమ్మిగనూరు దారి పడతాడు.

నేను ఆర్టీసీ డిపోలో బ్రేకుల పని చేసి రిటైరైనవాణ్ని. ఇప్పుడు ఊళ్లోనే చిన్న షెడ్డు నడుపుకుంటున్నాను. మా గాలి బ్రేకుల కాలంలో లోపం చెవికి తెలిసేది, ముక్కుకు తెలిసేది. గాలి కారితే చప్పుడు వచ్చేది, లైనరు కాలితే వాసన వచ్చేది. ఇప్పటి కార్లలో బ్రేకుకు సంబంధించిన ఇనుము అంతా బాగానే ఉండి, లెక్క వేసే ఎలక్ట్రానిక్ పెట్టె తప్పు చేస్తుంది. ఆ పెట్టెలు మన ఊళ్లకు వచ్చి చాలా కాలమైంది. వాటిని చూడగలిగిన పనితనం రాలేదు. వాటి మీద ఫిర్యాదు చేసే అలవాటు రాలేదు. ప్రమాదం జరిగాక వాటిని విచారించే పద్ధతి అసలే రాలేదు.

ఒక బండి సంగతి చెబుతాను. దాని యజమాని పత్తి వ్యాపారి, ఆదోని మార్కెట్ యార్డుకూ ఎమ్మిగనూరుకూ మధ్య తిరిగే మనిషి. కారు పాతదే కానీ బాగా చూసుకుంటాడు. అరవైలో పోతూ బ్రేకు వేస్తే ఏ ఇబ్బందీ లేదు. కోటేకల్లు దగ్గర స్పీడు బ్రేకరు వచ్చి, పదీ పదిహేను వేగానికి దిగి, ఇక ఆగుతుందనుకునే సమయానికి పెడలు వణుకుతుంది. బండి గజమో, గజమున్నరో ముందుకు జారుతుంది. అక్కడ గొర్రెల మందలూ బడిపిల్లలూ రోడ్డు దాటుతుంటారు. ఒక సర్వీసు సెంటరులో చూపిస్తే బ్రేకు ప్యాడ్లు మార్చారట. తగ్గలేదని మళ్లీ పోతే డిస్కులు మార్చారట. బిల్లు పెరిగింది, వణుకు పోలేదు.

జాకీ పెట్టి, ముందు ఎడమ చక్రం విప్పి, టార్చి వేసి చూశాను. యాక్సిలు చివర పళ్లున్న రింగు ఒకటి ఉంటుంది. అది తుప్పు పట్టి చిట్లింది. సందు వెంట్రుకంత. దాని ఎదురుగా ఉండే సెన్సరు మూతికి మన నల్లరేగడి మన్నూ, బ్రేకు అరిగి రాలిన ఇనుప రజనూ కలిసి ముద్దకట్టి ఉన్నాయి. రింగు మార్చి, సెన్సరు తుడిచి పెట్టాక వణుకు పోయింది. ప్యాడ్లకూ డిస్కులకూ ఈ జబ్బుతో సంబంధమే లేదు.

జరిగేదేమంటే, ఆ రింగు పళ్లను సెన్సరు లెక్కపెట్టి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో పెట్టెకు చెబుతుంది. మనం గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోతే పళ్ల లెక్క ఆగిపోతుంది. అప్పుడు పెట్టె ఆ చక్రానికి పోయే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని వదిలి, మళ్లీ ఇచ్చి, సెకనులో అనేకసార్లు ఇలా చేసి టైరు జారకుండా కాపాడుతుంది. ఏబీఎస్ అంటే ఇదే. రింగు చిట్లిన చోట లెక్క తప్పుతుంది. వేగంలో ఆ తేడా కొట్టుకుపోతుంది కానీ, బండి నెమ్మదించినప్పుడు చక్రం బిగుసుకుందని పెట్టె పొరబడుతుంది. డ్రైవరు తొక్కుతుంటాడు, పెట్టె వదులుతుంటుంది. తాను సరిగ్గానే పనిచేస్తున్నానని పెట్టె అనుకుంటుంది కాబట్టి చాలాసార్లు పసుపు దీపం కూడా వెలగదు. సర్వీసు సెంటరువాళ్లు దీపం లేదు కదా అని ప్యాడ్ల మీద పడ్డారంటే కారణం అదే.

ఇది మన రోడ్ల ఖర్మ, మన బండ్ల ఖర్మ అనుకోవద్దు. 2010 ఫిబ్రవరిలో టయోటా కంపెనీ ప్రియస్ తదితర హైబ్రిడ్ కార్లను ప్రపంచవ్యాప్తంగా నాలుగు లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. గుంతల మీదో, తడి రోడ్డు మీదో మెల్లగా బ్రేకు వేసినప్పుడు ఒక్క క్షణం బ్రేకు పట్టనట్టు అనిపిస్తోందని డ్రైవర్లు మొత్తుకున్నారు. ఏ ఇనుప ముక్కా మార్చలేదు. ఏబీఎస్ సాఫ్ట్‌వేరు మార్చారు. జపాన్, అమెరికా రోడ్ల మీది గుంతకే పెట్టె తికమకపడితే, ఆలూరు నుంచి ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం వైపు పోయే మన 167వ నంబరు జాతీయ రహదారి మీద ఏ పెట్టెకు ఎన్ని పరీక్షలు చేశారో అడిగే హక్కు మనకు లేదా?

ఇలా బ్రేకు పట్టకపోవడానికి ఎదురు జబ్బు ఇంకొకటి ఉంది. అవసరం లేకపోయినా దానంతట అదే బ్రేకు పడటం. ముందు అడ్డం కనబడితే డ్రైవరు కంటే ముందు తానే బ్రేకు వేసే కార్లు వచ్చాయి కదా, వాటి రాడార్లూ కెమెరాలూ ఒక్కోసారి లేని అడ్డాన్ని చూస్తున్నాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2019లో అయిదున్నర లక్షల నిస్సాన్ రోగ్ కార్ల మీద ఇదే విషయమై విచారణ మొదలుపెట్టింది. 2022 ఫిబ్రవరిలో హోండా కార్లు పదిహేడు లక్షలు, టెస్లా కార్లు నాలుగు లక్షల పైచిలుకు అలాంటి విచారణల కిందికే వచ్చాయి. మంత్రాలయానికి భక్తులను తిప్పే డ్రైవరు ఒకాయన తన కొత్త బండిలో ఆ సదుపాయాన్ని ఆపేసుకున్నాడు. 'నేను తొక్కలే అన్నా, అదే తొక్కింది. వెనకాల లారీ ఉంటే నా గతేంది?' అన్నాడు. పత్తి బోరెలు రోడ్డు మీదికి పొంగిపోయేట్టు నింపిన ట్రాక్టరు, శెనగ కట్టె మోసుకుపోయే ఎద్దులబండి, వాటి మధ్య సందులోంచి దూరే బైకు... మా రోడ్డు మీద ఇవన్నీ మామూలు. కొత్త బస్సులకూ లారీలకూ ఈ తరహా బ్రేకు తప్పనిసరి చేయాలని కేంద్రం 2025లో ముసాయిదా తెచ్చింది. మంచిదే. కానీ ఆ బ్రేకుకు పరీక్ష పత్తి సీజన్లో ఆదోని బైపాసు మీద కూడా జరగాలి.

ఇంత చెప్పినంత మాత్రాన నేను ఈ పెట్టెలకు విరోధిని కాను. వానాకాలం పొలంలోంచి ట్రాక్టరు తారురోడ్డు ఎక్కితే దాని టైర్లు రాల్చే రేగడి బురద మీద ఏబీఎస్ లేని కారు ఎలా గిరగిర తిరుగుతుందో నేను చూశాను. కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అన్ని కార్లకూ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేయడం సరైన పనే. అందుకే ఫ్యూజు పీకడం నాకు నచ్చదు. పాత కార్లలో వెనక చక్రాలకు బ్రేకు ఒత్తిడిని తగ్గించే వాల్వు ఒకటి ఉండేది. ఏబీఎస్ వచ్చాక చాలా కార్లలో ఆ వాల్వు తీసేసి ఆ పని కూడా పెట్టెకే అప్పజెప్పారు. ఫ్యూజు పీకితే అదీ పోతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రాల కంటే వెనక చక్రాలు ముందే బిగుసుకోవచ్చు, బండి అడ్డం తిరగవచ్చు. పసుపు దీపంతో పాటు ఎర్ర దీపం కూడా వెలిగిందంటే అర్థం ఇదే. దాని మీద టేపు వేయడమంటే ప్రాణంతో పందెం వేయడమే.

పైగా ఈ ఫ్యూజు పీకే చిట్కా ఎంతోకాలం సాగదు. ఇప్పుడొస్తున్న కొన్ని కార్లలో మామూలు సమయంలో పెడలుకూ బ్రేకుకూ మధ్య నేరుగా లంకె ఉండదు. ఎంత తొక్కామో సెన్సరు చెబితే మోటారు ఒత్తిడి పుట్టిస్తుంది. అలాంటి బ్రేకు యూనిట్‌లో లోపం వల్ల 2024 సెప్టెంబరులో బీఎండబ్ల్యూ కంపెనీ పదిహేను లక్షల కార్ల సంగతి తేల్చాల్సి వచ్చింది. ఆ యూనిట్ తయారుచేసింది కాంటినెంటల్ అనే మరో కంపెనీ. అక్కడ లోపం వస్తే పెడలు బండరాయిలా బిగుస్తుంది, బలమంతా కాలిదే. ఆ తరం బండ్లు సెకండ్ హ్యాండులో బెంగళూరు నుంచీ బళ్లారి నుంచీ మన ఊళ్లకు రావడానికి ఎంతో కాలం పట్టదు.

మరి చట్టం లేదా అంటే, ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 110ఏ సెక్షన్ పెట్టారు. లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని, అంటే రీకాల్ చేయమని, కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమలులో ఉన్నాయి. కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. కానీ లెక్క చూడండి. ఏడాదికి పదివేలకు మించి అమ్ముడయ్యే కారుకైతే 1,250 ఫిర్యాదులు పడాలి. బండి వయసు ఏడేళ్లు దాటకూడదు. మా దగ్గర రింగులు తుప్పు పట్టి చిట్లేది సరిగ్గా ఆ వయసు దాటాకే. పైగా ఇక్కడి యజమాని ఫిర్యాదు మేస్త్రీకి చేస్తాడు గానీ ప్రభుత్వ పోర్టల్లో చేయడు. పత్తి వ్యాపారి బండి జాబ్ కార్డు మీద ఏముంది? 'ప్యాడ్లు మార్చాము, డిస్కులు మార్చాము' అని ఉంది. సెన్సరు మాటే లేదు. జబ్బు పేరు కాగితమెక్కనప్పుడు 1,250 ఎక్కడి నుంచి వస్తాయి?

కంపెనీలు తమంతట తాము చేయలేవా అంటే, చేస్తాయి. 2023 ఏప్రిల్లో మారుతి సుజుకి 7,213 బాలెనో ఆర్ఎస్ కార్లను వెనక్కి పిలిచింది. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపులో లోపం ఉండవచ్చని, పెడలు గట్టిగా తొక్కాల్సి రావచ్చని చెప్పింది. దేశం మొత్తం మీద అది చిన్న సంఖ్యే. అలాంటి కబురు వచ్చినా సెకండ్ హ్యాండు బండికి చేరదు. ఉత్తరం మొదటి యజమాని చిరునామాకు పోతుంది, ఫోను పాత నంబరుకు పోతుంది. అందుకే పాత కారు కొన్నవాళ్లకు నేను చెప్పేది: ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో వేసి, ఏదైనా రీకాల్ బాకీ ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ పని ఉచితంగా చేసి పెట్టాలి.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. బ్రేకు ఫిర్యాదుతో వచ్చిన ప్రతి బండికీ స్కానరు పెట్టి, పెట్టెలో నమోదైన తప్పు నంబర్లను ప్రింటు తీసి జాబ్ కార్డుతో పాటు యజమానికి ఇవ్వాలి. ఎడమ ముందు చక్రం సెన్సరు సర్క్యూట్ చెడితే సీ0035 అని నంబరు పడుతుంది. చౌక స్కానర్లు ఇంజిన్ తప్పుల నంబర్లే చదువుతాయి, ఈ బ్రేకు నంబర్లు చదవవు. కాబట్టి మెకానిక్ పిల్లలకు ఐటీఐలలో సరైన స్కానరు మీద పని నేర్పాలి. ట్యాక్సీలకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు తాళం తిప్పి పసుపు దీపాన్ని చూడాలి. అది వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని చంపేసినట్టు.

అన్నిటికంటే ముఖ్యం ప్రమాదం తర్వాతి పరీక్ష. 2025 మార్చిలో ఆదోని మండలం పాండవగల్లు దగ్గర కర్ణాటక బస్సు రెండు బైకులను ఢీకొని అయిదుగురు పోయారు. అదే ఏడాది నవంబరులో కోటేకల్లు దగ్గర రెండు కార్లు గుద్దుకుని, మంత్రాలయం పోతున్న కర్ణాటకవాళ్లు అయిదుగురు పోయారు. వాటిలో బ్రేకుల తప్పుందని నేను అనడం లేదు. ఇలాంటి ప్రతి కేసులోనూ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు వచ్చి బండిని చూసి నివేదిక ఇస్తాడు. 'యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదు' అనే వాక్యం అందులో ఎన్నిసార్లు చదివామో! పెడలు నొక్కి, ఆయిల్ చూసి, పైపులు చూసి రాసే వాక్యం అది. యంత్రం వరకు అది నిజమే కావచ్చు. పెట్టెలో ఏ తప్పు నమోదైందో ఆ వాక్యానికి తెలియదు.

110ఏ సెక్షన్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని మాట ఒకటి ఉంది. లోపం సంగతి యజమానుల నుంచే రానక్కర్లేదు, పరీక్షా సంస్థల నుంచీ ఇతర మార్గాల నుంచీ వచ్చినా కేంద్రం చర్య తీసుకోవచ్చు. ప్రమాదం కేసుల్లో ఇన్‌స్పెక్టరు తన నివేదికకు స్కానరు ప్రింటు జతచేసి పైకి పంపితే, అదే ఆ ఇతర మార్గం అవుతుంది. ఫలానా మోడలులో ఫలానా సెన్సరు పదేపదే చెడుతోందని అప్పుడు తేలుతుంది. 1,250 మంది కోసం ఎదురుచూడక్కర్లేదు. దీనికి పార్లమెంటు కూర్చోవాల్సిన పని లేదు. రవాణా శాఖ ఒక సర్క్యులరు ఇచ్చి, కర్నూలు, ఆదోని ఆఫీసులకు చెరొక స్కానరు కొనిస్తే మొదలవుతుంది.