నాగోల్ విలేకరికి మ్యాపు చదవడం రావాలి

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోతకు హైదరాబాద్ నాగోల్‌లోని అయ్యప్ప కాలనీ నీట మునిగింది. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మర్నాడు టీవీల నిండా నడుంలోతు నీళ్లే, మేడలెక్కిన జనమే. బాధితుల గోడు వినిపించడం విలేకరి మొదటి బాధ్యత. కానీ ఆ నీళ్లు ఏ చెరువు నుంచి, ఏ నాలా పొంగి వచ్చాయో, అక్కడ ఇళ్లకు అనుమతి ఎవరిచ్చారో చెప్పిన వార్తలు తక్కువ.

అది తేల్చడం అసాధ్యమేమీ కాదు. చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) మ్యాపులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో ఉన్నాయి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు నిర్మాణాలు లేని బఫర్‌గా వదలాలి. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే ఆక్రమణ ఎప్పుడు మొదలైందో చాలావరకు తెలిసిపోతుంది. ఇక అనుమతుల ఫైలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. కాబట్టి ఆ దరఖాస్తు వాన పడ్డాక కాదు, ఎండాకాలంలోనే వెళ్లాలి.

2024 సెప్టెంబరులో మూసీ వెంట ఇళ్ల గోడలపై అధికారులు నదీగర్భంలో ఉన్నాయనే గుర్తుగా ‘ఆర్‌బీఎక్స్’ అని రాసినప్పుడు ఈ నైపుణ్యం విలువ మరింత తెలిసింది. చైతన్యపురి, కొత్తపేట వాసులు రోడ్డెక్కారు. తమ ఇల్లు నదీగర్భంలో ఉందా, బఫర్‌లో ఉందా, చేతిలోని పట్టా చెల్లుతుందా అన్నవే వారి ప్రశ్నలు. సర్వే నంబరు, గ్రామ నక్షా చదవగల విలేకరే వాటికి జవాబు వెతకగలడు. లేకుంటే నాయకుల వాగ్వాదాలే వార్తలవుతాయి.

వరదొస్తే వాట్సాప్‌లో ఏ ఊరివో పాత వీడియోలు కూడా కొట్టుకొస్తాయి. ఒక ఫ్రేమును రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వెతికి, కాలనీలో ఒకరికి ఫోన్ చేశాకే ప్రసారం చేయాలి.

కాలనీల వార్తలు మోసేది ఎక్కువగా కంట్రిబ్యూటర్లే. వారిలో చాలామందికి స్థిరమైన జీతం లేదు. శిక్షణ ఖర్చు కూడా వారిమీదే వేయడం అన్యాయం. పత్రికల యాజమాన్యాలు, తెలంగాణ మీడియా అకాడమీ కలిసి ఏటా మే నెలలోనే విలేకరులకు మ్యాపులు, రెవెన్యూ రికార్డులు చదవడం నేర్పాలి. వచ్చే వానాకాలానికి ముందే ఆ పని మొదలుపెట్టాలి.