కింద నొప్పా? సిగ్గు తర్వాత, డాక్టర్ ముందు

దవడ వాస్తే అమ్మకి ఫోన్ చేస్తాం. కింద వాస్తే గూగుల్‌కి తప్ప ఎవరికీ చెప్పం. అబ్బాయిలందరిదీ ఇదే కథ. ఈ వారం ఆ మాటే మాట్లాడుకుందాం.

గవదబిళ్ళలు చిన్నపిల్లల జబ్బని మనకో నమ్మకం. మా ఇంట్లో అయితే మెడలో బంగారు గొలుసు వేసి, నాలుగు రోజులు బడి మాన్పించేవాళ్ళు. కానీ ఈ వైరస్ ఈడొచ్చిన మగవాళ్ళకి సోకితే లెక్క వేరు. టీకా పడనివాళ్ళలో సుమారు 15 నుంచి 30 శాతం మందికి వృషణాలు వాస్తాయి. దీన్నే ఆర్కైటిస్ అంటారు. సాధారణంగా దవడ వాచిన 4 నుంచి 8 రోజులకి మొదలవుతుంది. తగ్గిందనుకున్న జ్వరం మళ్ళీ వస్తుంది. చలి, వాంతులు, తట్టుకోలేని నొప్పి. ఎక్కువమందికి ఒక పక్కనే.

మా పీజీలో ఒకడు రెండు రోజులు ముసుగుతన్ని పడుకున్నాడు. ఏంట్రా అంటే "కడుపునొప్పి బ్రో" అన్నాడు. మూడో రోజు నడవలేక నిజం చెప్పాడు. క్యాబ్‌లో యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన అడిగినవి రెండే: "నొప్పి ఎప్పుడు మొదలైంది? ఈమధ్య దవడలు వాచాయా?"

ఎందుకంటే వృషణం మెలితిరిగి రక్తం ఆగిపోయినా నొప్పి అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్ని టార్షన్ అంటారు. 6 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే చాలావరకు దక్కుతుంది. ఆలస్యమైతే తీసేయాల్సి రావచ్చు. మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ మెసేజ్ ఒకటే, బగ్‌లు రెండు. తేడా తేల్చేది డాప్లర్ స్కాన్: టార్షన్‌లో రక్తప్రసరణ తగ్గుతుంది, ఆర్కైటిస్‌లో పెరుగుతుంది. బ్యాక్టీరియా వల్ల కాదని తేల్చుకోడానికి మూత్ర పరీక్ష, గవదబిళ్ళలేనని నిర్ధారించడానికి రక్త పరీక్ష లేదా బుగ్గ లోపలి స్వాబ్ చేస్తారు.

మావాడిది ఆర్కైటిసే. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్స్‌తో పనిలేదు. విశ్రాంతి, బిగుతైన లోదుస్తులతో ఆసరా, గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్, డాక్టర్ చెప్పిన నొప్పి మాత్రలు, అంతే. వాపు మామూలుగా వారంలో దిగుతుంది, ముట్టుకుంటే నొప్పి ఇంకొన్ని వారాలు ఉండొచ్చు. దవడ వాచిన దగ్గర్నుంచి 5 రోజులు ఎవరికీ అంటకుండా వేరుగా ఉండాలి.

ఇక అందరి మనసులో ఉండే ప్రశ్న: పిల్లలు పుడతారా? వాచిన వృషణం తర్వాత కొంత చిన్నదవడం మామూలే, 30 నుంచి 50 శాతం మందిలో అలా జరుగుతుంది. రెండు పక్కలా వస్తే వీర్యకణాలు తగ్గే ప్రమాదం ఎక్కువ. అయినా పూర్తి సంతానలేమి అరుదు. అనుమానముంటే మూడు నెలలాగి వీర్య పరీక్ష చేయించుకోవచ్చు. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది మరి.

అసలు రాకుండా చూసుకోవాలంటే టీకానే దారి. 2017 నుంచి ప్రభుత్వం ఇస్తున్న ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లాలకే రక్షణ ఉంది, గవదబిళ్ళలకి లేదు. ఎంఎంఆర్ ప్రైవేటులో దొరుకుతుంది. పెద్దవాళ్ళూ వేయించుకోవచ్చు, కనీసం 4 వారాల తేడాతో రెండు డోసులు. మీకు పడిందో లేదో ఈరోజే అమ్మని అడగండి.

అన్నట్టు, నొప్పి ఉన్నట్టుండి మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా రూమ్మేట్‌ని లేపండి. వాడు నవ్వితే నవ్వనీ, బండి తీస్తాడు.